బాకీ ఎవరిది?

మా ఊళ్ళో దొంగతనాన్ని ఎప్పుడూ ఒకే కుంచంతో కొలవలేదు. కోత అయిపోయిన చేలో రాలిన కంకులు ఏరుకుంటే దాన్ని పరిగె అంటారు. పరిగె ఏరుకోవడం మా ఆడవాళ్ళకి తాతల నాటి హక్కు. కానీ ఆ కంకి రాలిందా, తుంచిందా అని తేల్చేది మా ఆడవాళ్ళు కాదు, ఆసామి. ఆయన మనసు బాగున్న రోజు అది పరిగె. బాగాలేని రోజు అదే దొంగతనం. సాయంత్రం చేలోంచి బయటికొచ్చేటప్పుడు కూలీ ఆడవాళ్ళని గట్టు మీద నిలబెట్టి ఒళ్ళు దులిపించేవాళ్ళు. మా అమ్మ ఒడిలో నాలుగు వేరుశనక్కాయలు దొరికితే ఊరంతా తెలిసేది. అదే ఆసామి ఏడాది పొడుగునా మా తాత చేత చెప్పులు కుట్టించుకుని, కళ్ళంలో ఇయ్యాల్సిన మేర తగ్గించి కొలిస్తే దానికి మాత్రం ఏ పేరూ లేదు. పేరే లేనిదాని మీద కేసెట్టా పెడతారు?

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేరం జరగడానికి ముందే నేరానికి పేరు పెట్టే అధికారం ఒకటుంటుంది. అది ఎప్పుడూ మా చేతుల్లో లేదు. పెద్దవాళ్ళ సంగతి చాలామంది రాశారు. కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో జరిగింది. చంపినవాళ్ళు పెద్దమనుషులుగానే చలామణి అయ్యారు, చచ్చినవాళ్ళ గురించేమో 'వాళ్ళకి పొగరెక్కువ' అన్నారు. నేను రాయాలనుకుంటున్నది పిల్లల సంగతి, అందులోనూ ఆడపిల్లల సంగతి. మా గూడెం పిల్ల, 14 ఏళ్ళ పిల్ల, నేరం చేసిందని కాగితం మీద రాసినప్పుడు ఆ నేరం ఎవరి ఖాతాలో వేయాలి? నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. కాబట్టి ఖాతాల మాటే ముందు నోటికొస్తుంది.

మనుషుల్ని ముందు నేరస్థులని రాసుకుని, తర్వాత తీరిగ్గా నేరాలు వెతకడం ఈ దేశంలో కొత్తేమీ కాదు. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. కోస్తాలో ఎరుకల కుటుంబాల్ని స్టువర్టుపురంలో, కావలిలో సెటిల్‌మెంట్లు పెట్టి అందులో వేశారు. ఊరు దాటాలంటే చీటీ కావాలి. హాజరు చెప్పాలి. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి రిఫార్మేటరీ బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. అంటే పసిబిడ్డ ఏ తప్పూ చేయకముందే ఆ బిడ్డని సంస్కరించాలి! 1952లో ఆ చట్టం పోయింది. పేరు పోయిందిగానీ చూపు పోలేదు. జైళ్ళ మాన్యువళ్ళలో ఏ కులం ఖైదీ వంట చేయాలి, ఏ కులం ఖైదీ పాకీపని చేయాలి అన్న రాతలు నిన్న మొన్నటిదాకా ఉన్నాయి. సుకన్య శాంత అనే జర్నలిస్టు సుప్రీంకోర్టుకెక్కితే 2024 అక్టోబరు 3న వాటిని కొట్టేశారు. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నారు. స్వాతంత్య్రం వచ్చిన 77 ఏళ్ళకి!

ఇక పిల్లల చట్టాల సంగతి. 1897 రిఫార్మేటరీ స్కూళ్ళ చట్టంలో బాల నేరస్థుడంటే మగపిల్లాడే. ఆడపిల్ల ఆ చట్టం కంటికి ఆనలేదు. 1986లో దేశమంతటికీ బాలల న్యాయ చట్టం వచ్చింది. అందులో మగపిల్లాడికి 16 ఏళ్ళు, ఆడపిల్లకి 18 ఏళ్ళు వయసు హద్దు పెట్టారు. పైకి చూస్తే ఆడపిల్లకి రెండేళ్ళు ఎక్కువ దయ చూపించినట్టుంటుంది. నాకు మాత్రం అందులో దయ కన్నా కాపలానే ఎక్కువ కనిపిస్తుంది. 2000 చట్టంలో ఇద్దరికీ 18 చేశారు. ఇప్పుడున్నది 2015 చట్టం, 2016 జనవరి 15 నుంచి అమల్లోకొచ్చింది. చదివితే మంచి చట్టమే. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందుకి తీసుకెళ్ళాలి. నేరస్థుడు, నిందితుడు లాంటి మాటలు వాడకూడదు. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గంగానే ఉండాలి. పిల్లలకి మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలి. ఇవన్నీ ఆ చట్టంలో రాసి ఉన్నాయి. చట్టం మంచిదైతే మరి తప్పెక్కడ? ఒక పిల్ల సంగతి చెప్తే అర్థమవుతుంది.

ఆ పిల్ల పేరు రాయను. 74వ సెక్షన్ రాయొద్దంటుంది. సెక్షన్ లేకపోయినా రాయను. ఊరి పేరూ రాయను. మా బళ్ళో ఎనిమిదో తరగతి చదివేది. లెక్కల్లో చురుకు. 2021 చివర్లో మా ప్రాంతంలో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని తినేసింది గదా, ఆ పిల్ల నాయన కౌలుకి వేసిన అరెకరం కూడా అందులో పోయింది. పురుగు భూమి ఉన్నోడి తోటలోనూ పడింది, కౌలోడి తోటలోనూ పడింది. కానీ కౌలు మాత్రం కౌలోడే కట్టాలి. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. ఇంటికెళ్ళి అడిగితే 'మా ఆడబిడ్డ వాళ్ళింటికి పోయిందమ్మా' అంది తల్లి. కళ్ళలోకి చూడలేదు. పట్నంలో ఒక ఇంట్లో పనికి పెట్టారని, దానికి నాయన 15 వేలు ముందే తీసుకున్నాడని తర్వాత తెలిసింది. అప్పటికి ఆ పిల్లకి 13 ఏళ్ళు.

14 నెలలు గడిచాక, 2023 మార్చిలో, ఒక సారు మా బడికొచ్చాడు. ప్రొబేషన్ ఆఫీసరు. అలసిపోయి ఉన్నాడు, మంచిగానే మాట్లాడాడు. ఆ పిల్ల పనిచేసే ఇంట్లో 6 వేల రూపాయలు, ఒక జత వెండి పట్టీలు తీసుకుని రాత్రిపూట బస్టాండుకి పోయిందనీ, అక్కడ పట్టుకున్నారనీ, ఆడపిల్లల హోములో ఉంచారనీ చెప్పాడు. బోర్డుకి సామాజిక పరిశోధన నివేదిక రాయాలి, అందుకని వచ్చాడు.

'ఆ పిల్ల నడవడి ఎట్టాంటిది మేడం?' అనడిగాడు.

అంతకు రెండేళ్ళ ముందు, మోటారు సైకిలు దొంగతనంలో దొరికిన మా బడి పిల్లాడి గురించి కూడా ఒక ఆఫీసరు ఇట్టాగే వచ్చి వివరాలు రాసుకున్నాడు. ఆ పిల్లాడి గురించి అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. రోజూ వచ్చేవాడా? చదివేవాడా? ఎవరితో తిరిగేవాడు? ఈ పిల్ల గురించి అడిగినవి ఇవి. మగపిల్లలతో మాట్లాడేదా? ఫోనుందా? తల్లి ఎట్టాంటిది? పిల్లాడి విషయంలో వాడేం చేశాడన్నది ప్రశ్న. పిల్ల విషయంలో ఆమె ఎట్టాంటిదన్నది ప్రశ్న. దొంగతనానికీ మగపిల్లలతో మాట్లాడ్డానికీ ఏం సంబంధమని అడిగాను. 'బెయిలు విషయంలో అడుగుతారు మేడం' అన్నాడు.

నిజమే, అడుగుతారు. 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి బెయిలివ్వాలి, పూచీకత్తు లేకపోయినా ఇవ్వొచ్చు. ఇవ్వకుండా ఉండాలంటే మూడే కారణాలు. తెలిసిన నేరస్థులతో కలిసే అవకాశం ఉండటం, నైతికంగా గానీ శారీరకంగా గానీ మానసికంగా గానీ ప్రమాదం ఉండటం, న్యాయానికి భంగం కలగడం. ఈ రెండోదాంట్లో 'నైతిక ప్రమాదం' అన్న మాటుంది చూడండి, ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికి అది పెద్ద తలుపు గడియ. బస్టాండులో ఆ పిల్ల ఒక ఆటో కుర్రాణ్ణి మా ఊరి బస్సెప్పుడని అడిగింది. అతను చెప్పాడు. పక్కనే కూర్చున్నాడు. అంతే, కాగితాల్లోకి ఒక కుర్రాడొచ్చేశాడు. ఇంటికి పంపితే నైతిక ప్రమాదం ఉండొచ్చన్నారు. 23 రోజులు హోములో ఉంచారు. ఆ హోము జిల్లా అవతల ఉంది. పట్టుబడే పిల్లల్లో ఆడపిల్లలు బాగా తక్కువ కాబట్టి వాళ్ళ హోములూ తక్కువే, దూరమే. తల్లి ఒకసారి పోయి రావాలంటే రెండు రోజుల కూలి పోతుంది, పైన ఛార్జీలు. రెండుసార్లు పోగలిగింది.

నాకు అర్థం కానిది ఒక్కటే. 14 నెలలు ఆ పిల్ల పరాయి ఇంట్లో వంటింటి గచ్చు మీద పడుకుంది. అప్పుడు ఏ కాగితమూ నైతిక ప్రమాదం అనలేదు. కన్నతల్లి దగ్గరికి పోతానంటే మాత్రం నైతిక ప్రమాదం వచ్చిపడింది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు, నిన్న మొదలైందీ కాదు. మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ పిల్ల ఉండేది. అమ్మానాన్న లేరు, అన్న దగ్గరుండి ఇళ్ళల్లో పనికెళ్ళేది. పనిచేసే ఇంటివాళ్ళ బంధువు కుర్రాణ్ణి ఇష్టపడింది. అన్న ఫిర్యాదు చేస్తే 1972 మార్చిలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషనుకి పిలిపించారు. ఆ రాత్రి స్టేషన్లోనే పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైంది. అప్పటికి ఆమెకి 14కీ 16కీ మధ్య వయసు. సెషన్స్ కోర్టు ఆమె నడవడిని తప్పుపట్టి పోలీసుల్ని వదిలేసింది. హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది, వంటి మీద గాయాల్లేవని. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కితే 1983లో చట్టం మారింది. ఇళ్ళల్లో పనిచేసే పిల్ల, ఇంట్లోంచి కదిలిన పిల్ల, స్టేషన్లో కూర్చున్న పిల్ల... ఆమె ఫిర్యాదిదారైనా, ముద్దాయైనా, బాధితురాలైనా తూకం వేసేది ఆమె నడవడినే. ఎటునుంచి లోపలికి పోయినా గది అదే.

ఇక నేరం సంగతి. మామూలు దొంగతనానికి పాత శిక్షాస్మృతిలో 379వ సెక్షను, మూడేళ్ళ దాకా శిక్ష. అదే దొంగతనం యజమాని ఇంట్లో పనిమనిషి చేస్తే 381వ సెక్షను, ఏడేళ్ళ దాకా. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సెక్షన్లు 303, 306 అయ్యాయి, ఏడేళ్ళు మాత్రం ఏడేళ్ళే. బాలల న్యాయ చట్టంలో మూడేళ్ళ లోపుది చిన్న నేరం, ఏడేళ్ళదాకా పోయేది తీవ్రమైన నేరం. అంటే దారిన పోయేవాడు వీధిలో ఆ పట్టీలు తీస్తే చిన్న నేరం. అవే పట్టీలు ఆ ఇంట్లో గిన్నెలు తోమిన పిల్ల తీస్తే తీవ్రమైన నేరం! ఎందుకయ్యా అంటే, నమ్మి ఇంట్లో పెట్టుకున్నారు కాబట్టి, నమ్మకద్రోహం కాబట్టి. సరే. ఆ నమ్మకం రెండు వైపులా ఉందా? నెల జీతం ఇస్తారని ఆ పిల్ల నమ్మలేదా? ఆ నమ్మకానికి ద్రోహం జరిగితే పనిమనిషి చేతికి ఏ సెక్షనిచ్చారు?

చట్టంలో ఉంది, లేకేం. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడమే నేరం. బాలల న్యాయ చట్టం 79వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని పనిలో కట్టిపడేసినా, వాళ్ళ సంపాదన తొక్కిపెట్టినా, సొంతానికి వాడుకున్నా అయిదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. అదే చట్టం, అదే పుస్తకం. కార్మిక చట్టానికి విరుద్ధంగా పనిచేస్తున్న పిల్లని రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగా చూడమని రెండో సెక్షన్ చెప్తుంది. ఆ లెక్కన ఆ పిల్ల ఆ ఇంట్లో ఉన్న 14 నెలలూ చట్టం కంటికి కాపాడాల్సిన బిడ్డ. గడప దాటిన రాత్రి చట్టంతో ఘర్షణ పడ్డ బిడ్డ. కాపాడాల్సిన 14 నెలల్లో రాని చట్టం, ఘర్షణ పడ్డ ఒక్క రాత్రిలో ఎట్టా వచ్చింది? ఏడేళ్ళ దాకా శిక్ష పడే వాటికి, పెద్దవాళ్ళతో కలిసి చేసింది కాకపోతే, పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టనక్కర్లేదు, జనరల్ డైరీలో రాసుకుని నేపథ్య నివేదికతో బోర్డుకి పంపితే చాలని 2016 నమూనా నిబంధనలు చెప్తున్నాయి. పట్టుకోవడం అన్నది ఘోరమైన నేరాల్లోనే అని కూడా చెప్తున్నాయి. బిడ్డ మేలు కోసమైతే తప్ప, అని చివర్న ఒక మాట తగిలించారు. మా పిల్లల మేలెప్పుడూ ఆ చివరి మాట దగ్గరే గుర్తొస్తుంది.

ఆడపిల్లలు నేరాల వైపు ఎందుకు పోతున్నారని సదస్సుల్లో మాట్లాడతారు. నేనూ రెండు శిక్షణ తరగతులకి పోయాను. పేదరికం, చదువు మానడం, తాగే తండ్రి, పట్టించుకోని తల్లి, చెడు సావాసం, సెల్‌ఫోను. బోర్డు మీద వరసగా రాస్తారు. వీటిలో అబద్ధం ఏదీ లేదు. కానీ ఆ వరసని ఒకసారి మళ్ళీ చదవండి. కారణాలన్నీ గూడెంలోనే ఉన్నాయి. పిల్ల పనిచేసిన ఇల్లు ఆ జాబితాలో లేదు. జీతం ఎగ్గొట్టిన చెయ్యి లేదు. ఒళ్ళు దులిపించిన గట్టు లేదు. నివేదిక ఫారంలో పని మీదా, యజమాని మీదా పిల్ల వైఖరి ఎట్టాంటిదని అడిగే గడి ఉంది. పిల్ల మీద యజమాని వైఖరి ఎట్టాంటిదని ఎవరడగాలి? కొన్ని ఫారాల్లో జీతం ఇవ్వకుండా పని చేయించుకున్నారా అన్న గడి కూడా ఉంటుంది. టిక్కు పెడతారు. ఆ టిక్కులోంచి కేసు పుట్టదు.

బెయిలు వచ్చాక నేను వాళ్ళింటికి పోయాను. తల్లి చాప వేసింది. 'నువ్వు మన పిల్లవేనంట గదా తల్లీ' అంది. అంతకుముందు నన్ను మీరు అనేది. ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే మొదలుపెట్టింది.

'జీతం అడిగా మేడం. రెండుసార్లడిగా. మీ నాయనకిచ్చాం గదా అన్నారు. అది పోను మిగతాదంటే తిన్నదానికీ కట్టినదానికీ సరిపోయిందన్నారు. నేను క్యాలెండర్ వెనక లెక్క రాసుకున్నా. నెలకి 3 వేలన్నారు. 14 నెలలకి 42 వేలు. నాయన తీసుకుంది 15 వేలు. 27 వేలు నాకు రావాలి. నేను తీసుకుంది 6 వేలే. ఇంకా 21 వేలు వాళ్ళే నాకియ్యాలి మేడం.'

లెక్కలో తప్పు లేదు. నేను రెండోసారి వేసుకుని చూశాను.

'మరి పట్టీలెందుకు తీశావమ్మా?' అన్నాను.

తల వంచుకుంది. 'బాగున్నయ్ మేడం' అంది. కాసేపాగి, 'ఆ పాప పెట్టుకుని తిరిగితే సద్దొచ్చేది. నాక్కూడా పెట్టుకోవాలనిపించింది. పట్టీలు నాయి కాదు మేడం. అయ్యి పోలీసులు తీసుకున్నారు, ఇచ్చేస్తారు గదా. డబ్బులు మాత్రం నాయే' అంది.

ఇక్కడే అసలు ప్రశ్న ఉందని నేననుకుంటున్నాను. ఈ పుస్తకం చదివే ఉద్యమ మిత్రులు ఇక్కడ కాస్త ఆగాలి. మన సభల్లో మనం ఏమంటాం? 'వ్యవస్థే నేరస్థురాలు, పరిస్థితులే ఆ పిల్ల చేత చేయించాయి' అంటాం. అవతలివాళ్ళు ఏమంటారు? 'ఎంత పేదరికమైనా తప్పు తప్పే' అంటారు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడ్డట్టు కనిపిస్తాయి గానీ రెండింటిలోనూ ఆ పిల్ల మాట లేదు. తప్పు తప్పే అన్నవాడు 42 వేల లెక్క వినడు. పరిస్థితులే చేయించాయన్నవాడు పట్టీల మాట వినడు, వినపడనట్టు దాటేస్తాడు. పట్టీలు మన వాదనకి అడ్డం కాబట్టి.

మన కథల్లో దొంగిలించే పిల్ల ఎప్పుడూ అన్నమే దొంగిలిస్తుంది. రొట్టెముక్కో, పాలడబ్బానో దొంగిలిస్తుంది. అప్పుడే మనకి కన్నీళ్ళొస్తాయి. ఆకలికి క్షమాపణ ఉంది. ఇష్టానికి లేదు. బీదపిల్లకి కడుపుంటుందని లోకం ఒప్పుకుంటుంది, కాళ్ళకి పట్టీలు పెట్టుకోవాలన్న మనసుంటుందని ఒప్పుకోదు. ఆ ఇంటి పాప వాళ్ళమ్మ పర్సులోంచి వంద తీసి కమ్మలు కొనుక్కుంటే అల్లరి అంటారు, నవ్వుకుంటారు. 14 ఏళ్ళ వయసుకి పట్టీల సద్దు ఎంత బాగుంటుందో ఆ వయసు దాటిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఆశ పడటం నేరం కాదు. పరాయి వస్తువు తీసుకోవడం మాత్రం తప్పు. ఈ రెంటికీ తేడా కోర్టూ చెప్పలేదు, సభా చెప్పలేదు. ఆ పిల్లే చెప్పింది. ఏది తనదో, ఏది తనది కాదో గీత గీసి చూపించింది.

1855లో పూనాలో సావిత్రీబాయి, జోతీబా ఫూలేల బళ్ళో చదివిన ముక్తా సాల్వే అనే పిల్ల మాంగులు, మహార్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. ఆమెకప్పుడు 14 ఏళ్ళు. మాంగులంటే మనకి పరాయివాళ్ళు కాదు, అక్కడి మాదిగలే. వేదం చదవడానికి మాకు హక్కు లేకపోతే ఇంతకీ మా మతం ఏదని ఆ పిల్ల నిలదీసింది. 14 ఏళ్ళకి ధర్మం అధర్మం తూచగలిగిన పిల్లలు మన వాడల్లో అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అందుకే 'దానికేం తెలుసు పాపం' అనే జాలి నాకు ఇష్టం ఉండదు. జాలి కూడా ఒక రకంగా నోరు మూయించడమే. పిల్లకి బుద్ధి లేదనడం వేరు, పిల్ల కాబట్టి శిక్ష వద్దనడం వేరు. మొదటిది అవమానం. రెండోది న్యాయం.

అయితే ఆ పిల్లకి బాధ్యత లేదా? ఉంది. కానీ బాధ్యతకి ఒక వరసుంది. ఊళ్ళో అప్పుల పంచాయితీ ఎట్టా చేస్తారు? ముందు అప్పు ముందు తీరాలి. ఆ పిల్ల బాకీ ఒక జత పట్టీలు. అది తీరిపోయింది, 23 రోజుల వడ్డీతో సహా తీరిపోయింది. దానికన్నా ముందు బాకీలున్నాయి. 14 నెలల చాకిరీ చేయించుకున్న ఇంటి బాకీ. కౌలుదారుణ్ణి రైతుగా లెక్కలోకి రానీయని ఈ ఏర్పాటు బాకీ. 13 ఏళ్ళ పిల్ల బడి రిజిస్టర్లోంచి మాయమైతే నెలలు గడిచినా వెతుక్కుంటూ రాని సర్కారు బాకీ. వీళ్ళలో ఒక్కరు కూడా పైసా కట్టలేదు. ముందు బాకీలు ఎగ్గొట్టినోళ్ళు కూర్చుని, చివర వరసలో ఉన్న పిల్లని నడవడి ఎట్టాంటిదని అడుగుతున్నారు. బాకీదారుకి తీర్పు చెప్పే హక్కెక్కడిది?

వరసలో మా గూడెం కూడా ఉంది. ఇది చెప్పకపోతే నేను సగమే రాసినట్టు. అప్పు తీర్చడానికి ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఆడపిల్లనే ఎందుకు పంపారు? ఆమె అన్న ఇంటర్ చదువుతున్నాడు, అతని చదువు ఆగలేదు. ఆ పిల్ల తిరిగొచ్చాక కులపెద్దలు కూర్చుని 'స్టేషన్ మెట్లెక్కిన పిల్ల, మాటొస్తుంది, ఎవడో ఒకడికి ముడిపెట్టి పంపండి' అన్నారు. స్టేషన్ వాడిన తూకమే వీళ్ళూ వాడారు. బయట ఆసామి దగ్గర తల ఎత్తాలని పోరాడే మగవాళ్ళు, లోపల ఆడపిల్ల విషయం వచ్చేసరికి ఆసాముల భాషే మాట్లాడారు. తల్లి మాత్రం లేచి నిలబడింది. 'నాకు 14కే చేశారు. నాకేం ఒరిగింది? నా పిల్లకి చెయ్యను' అంది. ఆ మాటతో పంచాయితీ చెదిరిపోయింది. ఆమె నిశానీ.

జూన్‌లో ఆ పిల్లని కస్తూరిబా బళ్ళో తొమ్మిదిలో చేర్పించడానికి కాగితాలు సిద్ధం చేశాం. అక్కడ ఒకామె 'ఇది కేసు పిల్లంట గదా, మిగతా పిల్లలు చెడిపోతారేమో' అంది. మిగతా పిల్లలు కూడా బడి మానేసి పొలాల్లోంచి, ఇటుక బట్టీల్లోంచి వచ్చినోళ్ళే. నేను 24వ సెక్షన్ చూపించాను. ఆ కేసు వల్ల పిల్లకి ఎక్కడా ఏ అనర్హతా రాకూడదని రాసి ఉంది. చేర్చుకున్నారు. టీసీలో 'ప్రవర్తన' అని ఒక గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ 'తృప్తికరం' అని రాసి వదిలేస్తాం, ఎవరూ చదవరు. ఆ రోజు నేను ఆ గడి దగ్గర ఆగాను. 'మంచిది' అని రాశాను. హెడ్మాస్టరుగారు నా వైపు ఒకసారి చూసి సంతకం పెట్టారు.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్లో ఉంది. బోర్డులో కేసు ముగిసిపోయింది. జీతం సంగతి మాత్రం ముగియలేదు. సంఘం కుర్రాళ్ళతో కలిసి మేం కార్మిక శాఖకి అర్జీ పెట్టాం. 79వ సెక్షన్ కింద ఫిర్యాదూ ఇచ్చాం. ఆధారం చూపించండి అన్నారు. ఆధారం క్యాలెండర్ వెనక ఉంది, క్యాలెండర్ వాళ్ళ వంటింటి గోడకుంది. కొత్త సంవత్సరం రాగానే చించి పారేసి ఉంటారు. దొంగతనం కేసులో యజమాని మాటే ఆధారమైంది. జీతం కేసులో పిల్ల మాట ఆధారం కాకుండా పోయింది.

మీలో చాలామంది విద్యార్థులు సంఘాల తరఫున ఆ హోములకి పోతుంటారు. బిస్కెట్లు, నోటు పుస్తకాలు పట్టుకెళ్తారు. నీతి కథలు చెప్పి వస్తారు. పోవద్దని నేననను. కానీ ఈసారి పోయినప్పుడు నీతి కథ పక్కన పెట్టండి. 'ఏం చేశావమ్మా' అని అడగడానికి ముందు 'నీకు ఎవరు ఎంత బాకీ ఉన్నారమ్మా' అని అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, రూపాయలతో, నెలలతో, ఇంటి నంబర్లతో రాసుకోండి. వాళ్ళకి లెక్కలొచ్చు. రాసుకున్న కాగితం పట్టుకుని ఆ ఇళ్ళ ముందు నిలబడండి. 79వ సెక్షన్ మీ నోటికి రావాలి. పనిపిల్ల జీతం ఎగ్గొట్టడానికి ఇంకా ఊళ్ళో పేరు లేదు. ఆ పేరు మనమే పెట్టాలి, గట్టిగా పలకాలి.

ఆ 21 వేలు ఇంకా రాలేదు.